ప అంటే పొట్టు ఎగరాలి

జ్వరం తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచి చైత్ర మొండికేసిందని ఇంట్లో అనుకున్నారు. పిలిస్తే పలకదు. సంగటి తినమంటే గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. మేకపిల్ల వెంట పడి రోడ్డు మీదికి పరిగెడుతుంటే ఎంత అరిచినా ఆగదు. “ఆసుపత్రిలో అందురూ ముద్దు జేసి చెడగొట్టినారు” అంది అవ్వ తిప్పమ్మ. తల్లి జ్యోతిలక్ష్మి కూడా అదే నమ్మింది. ఐదేళ్ళు నిండని పిల్ల, మెదడువాపు జ్వరంతో చావు గడప దాకా పోయి వెనక్కి వచ్చింది. కాస్త మొండితనం మిగిలితే మిగలనీ అనుకుంది.

అది మొండితనం కాదని మొదట కనిపెట్టింది అంగన్‌వాడీ టీచరు రెబెకా.

మడకశిర దాటి కర్ణాటక వైపు పోయే రోడ్డు పక్కన ఉంటుంది వాళ్ళ ఊరు. సగం ఇళ్ళకు తాళాలే. పెద్దవాళ్ళు బెంగళూరు పనుల్లో ఉంటే పిల్లలు అవ్వల దగ్గర, పగలంతా రెబెకా దగ్గర. ఆమె పిల్లలకు పలక ఇచ్చి అక్షరాలు దిద్దించేది కాదు, ఆడించేది. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, తలా గుప్పెడు చింతగింజలు ఇచ్చి, ఒక్కో మాట అనేది. ఆ మాట ‘మ’తో మొదలైతే గింజను గిన్నెలో వెయ్యాలి, కాకపోతే చేతులు కట్టుకోవాలి. తప్పు వేస్తే ఎవరూ తిట్టరు. గింజ వెనక్కి తీసుకుని మళ్ళీ ఆడొచ్చు. జ్వరానికి ముందు ఆ ఆటలో చైత్రను ఓడించినవాళ్ళు లేరు.

ఆ మధ్యాహ్నం పిల్లను తీసుకుపోదామని వచ్చిన జ్యోతిని రెబెకా గుమ్మం దగ్గరే ఆగమని సైగ చేసింది.

“మామిడికాయ” అంది రెబెకా. గింజలు గిన్నెలో పడ్డాయి, చైత్రది అందరికంటే ముందు. “మేక” అంది. మళ్ళీ చైత్రే. అప్పుడు రెబెకా పక్కనున్న చేట తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. “ముగ్గు” అంది చేట వెనక నుంచి. పిల్లలందరూ గింజలు వేశారు. చైత్ర మాత్రం మెడ సాచి, చేట పక్క నుంచి టీచరు మొహం కోసం వెతికింది. దొరకలేదు. పక్కపిల్ల చేతిని చూసి గబగబా తనూ ఒక గింజ వేసి నవ్వింది.

రెబెకా లేచి పిల్లల వెనక్కి పోయి గట్టిగా చప్పట్లు చరిచింది. అన్ని తలలూ తిరిగాయి. ఒక్క తల తిరగలేదు.

“జ్యోతీ, బిడ్డ మొండి కాదు” అంది రెబెకా బయటికి వచ్చి. “బిడ్డకు వినపడ్డం లేదు.”

“అదేం మాట టీచరక్కా! పొద్దున గూడా నాతో మాట్లాడింది గదా.”

“మాట్లాడ్తాది. నీ మూతి జూసి మాట్లాడ్తాది. నువ్వు అట్ల తిరిగితే బిడ్డకు ఏమీ లేదు. శానా దినాల నుంచి చూస్తాండా. ఆలస్యం జెయ్యొద్దు, అనంతపురం తీసకపో.”

ముందురోజే రోడ్డు మీద నుంచి లాక్కొచ్చి పిల్ల వీపు మీద ఒకటి వేసింది జ్యోతి. ఆ దెబ్బ ఇప్పుడు తన అరచేతిలో మండింది.

అనంతపురంలో చెవుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పిల్ల తలకు తీగలు అంటించి, నిద్రపుచ్చి, చాలాసేపు పరీక్షలు చేసింది. బయటికి వచ్చాక జ్యోతిని పక్కన కూర్చోబెట్టుకుంది.

“రెండు చెవులూ పోయాయమ్మా. ఈ జ్వరం వల్లే. ఇంకో సంగతి జాగ్రత్తగా విను. చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగం ఉంటుంది. ఇట్లాంటి జ్వరం తర్వాత దాంట్లో ఎముక పెరిగి దారి మూసుకుపోవచ్చు. మూసుకునే లోపల ఆపరేషన్ చేసి సన్నని తీగ ఒకటి లోపలికి పంపాలి. అప్పుడే మిషన్ పెట్టుకుంటే వినపడుతుంది.”

“మూసుకపోతే?”

“తీగ పోదు.”

జ్యోతికి అర్థమైంది. చేలో నీళ్ళున్న బోరు పూడిపోతే ఏమవుతుందో ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పెద్దాసుపత్రి వాళ్ళు పిలిచినప్పుడు పోవాలని చెప్పి, పేరు రాసి పంపించింది డాక్టరు. తల్లీబిడ్డలు గుమ్మం దాకా పోయాక మళ్ళీ వెనక్కి పిలిచింది. “మాటలు వచ్చిన పిల్ల ఇది. తన గొంతు తనకే వినపడకపోతే ఒక్కొక్క మాటే జారిపోతుంది. పోనివ్వొద్దు. ఆపరేషన్ అయ్యేదాకా రోజూ మాట్లాడించు. ఆడించు.”

తిరుగు బస్సులో చైత్ర కిటికీ దగ్గర కూర్చుంది. “అమ్మా, గొర్లు! శానా గొర్లు!” అని అరిచింది. మాట అద్దంలా స్పష్టంగా ఉంది. ఆ గొంతును ఎక్కడ దాచిపెట్టుకోవాలో తెలియక జ్యోతి పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మడకశిర దాకా అట్లాగే కూర్చుంది.

ఆ సాయంత్రమే రెబెకా ఇంటికి పోయింది. “నాకు చదువు రాదక్కా. ఆడించమన్నారు. ఎట్ల ఆడించాల?”

రెబెకాకూ తెలియదు. చెవిటి పిల్లకు శబ్దం నేర్పడం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా ఇద్దరూ అరుగు మీద కూర్చుని, తమ నోళ్ళను తామే కొత్తగా చూసుకుంటూ, ఒక్కో అక్షరం అని చూశారు. అవి విత్తనాల కోసం శెనక్కాయలు ఒలిచే రోజులు. ఇంటింటా పొట్టు కుప్పలు. రెబెకా ఎండిన పొట్టు చిటికెడు తీసి అరచేతిలో పోసుకుని, నోటి దగ్గర పెట్టి “ప” అంది. పొట్టు ఎగిరి జ్యోతి ఒళ్ళో పడింది. “బ” అంది. అంతగా ఎగరలేదు కానీ గొంతు మీద వేలు పెడితే సన్నగా అదిరింది. “మ” అంటే ముక్కు పక్కన అదిరింది. మూడింటికీ పెదాలు ఒకటే తీరుగా కలుస్తాయి, చూస్తే తేడా తెలియదు. పట్టుకుంటే తెలుస్తుంది.

“చెవి లేకుంటే ఏంమే, చెయ్యి ఉండాది” అంది రెబెకా.

అట్లా మొదలైంది. వాకిట్లో ఎర్రమట్టి చదును చేసి రెబెకా మూడు పెద్ద అక్షరాలు గీసింది, పిల్ల పట్టేంతటివి. జ్యోతి పొట్టు ఊదుతూ “ప” అంటే చైత్ర ‘ప’లోకి దూకాలి. అమ్మ ముక్కు పట్టుకుని అది అదిరితే ‘మ’లోకి దూకాలి. తర్వాత పిల్ల వంతు. పిల్ల “ప” అని పొట్టు ఊదితే అమ్మ దూకాలి. అమ్మ కావాలని తప్పు అక్షరంలోకి దూకితే చైత్ర పొట్ట పట్టుకుని నవ్వేది. చెయ్యి తడిపి “స” అంటే ముంజేతి మీద చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం కోసం పిల్ల మళ్ళీ మళ్ళీ చెయ్యి చాపేది.

మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోయింది. వాన పడలేదు. ఒలిచిన విత్తనాలు సంచుల్లోనే ఉండిపోయాయి. పెద్దాసుపత్రి నుంచి పిలుపు కూడా రాలేదు.

ముందు ‘స’ పోయింది. ఒక పొద్దున చైత్ర వచ్చి “అమ్మా, అంగటి” అంది. ముందు జ్యోతికి అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో తెడ్డు పక్కన పెట్టి, పిల్ల చెయ్యి తడిపి “సంగటి, సంగటి” అని ఊదింది. చైత్ర నవ్వి, తల్లి చెయ్యి తడిపి తనూ ఊదింది. చల్లగా తగిలింది. కానీ మాటలో పెట్టేసరికి మళ్ళీ “అంగటి”. కొన్నాళ్ళకు కుక్క “తుత్త” అయింది. తర్వాత మాటల్లో ఏది ఏదో తెలియకుండా పోయింది. గొంతు కూడా మారింది. ఒకసారి వీధి మారుమోగేట్టు అరుస్తుంది, ఒకసారి పెదాలు మాత్రమే కదిలిస్తుంది.

తండ్రి నరేంద్ర బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాడు. చైత్ర ఫోన్ రెండు చేతులతో పట్టుకుని ఆ రోజు జరిగిందంతా చెప్పేది. అతను “అవునా నాయనా, అట్లనా” అంటూ వినేవాడు. ఒకరోజు ఆమె చాలాసేపు ఏదో చెప్పింది. నరేంద్ర ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. “జ్యోతీ, పాప ఏమంటాంది?” అని అడిగాడు చివరికి.

జ్యోతికీ తెలియలేదు. “మేకపిల్ల గురించి” అని అబద్ధం చెప్పింది.

“తల కోసి యంత్రం పెడ్తారంట” అంది తిప్పమ్మ అదే రోజు కొడుకుతో ఫోన్లో. “చెవులు పోతే పోనీరా. ఉన్న బిడ్డ గూడా దక్కకపోతే ఏం జేస్తావు?”

“అమ్మ చెప్పేదీ నిజమే కదా, జ్యోతీ” అన్నాడు నరేంద్ర నీరసంగా.

“నువ్వు ఆడుండావు” అంది జ్యోతి. “నేను ఈడ పొద్దున లేస్తూనే, ఈ పొద్దు ఏ మాట పోయిందో అని బిడ్డ నోట్లోకి చూస్తాండా. నువ్వొచ్చి ఒక్క దినం చూడు, అప్పుడు చెప్పు వద్దని.”



పిలుపు వచ్చింది. నరేంద్ర పని వదిలి వచ్చాడు. ముగ్గురూ రైలెక్కి పెద్దాసుపత్రికి పోయారు. అక్కడ పిల్ల తుమ్మింది, దగ్గింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. జలుబు, జ్వరం ఉండగా మత్తు ఇవ్వలేమని, తగ్గాక మళ్ళీ పిలుస్తామని డాక్టర్లు చెప్పారు. వాళ్ళు చెప్పింది న్యాయమే. ఎవరినీ తిట్టడానికి లేదు. జ్యోతి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తనను తాను తిట్టుకుంది. రైల్లో కిటికీ ఎందుకు తెరిచాను, చల్లనీళ్ళు ఎందుకిచ్చాను అని.

అప్పటి నుంచి ఆట ఆటగా లేకుండా పోయింది. పొద్దున లేవగానే పొట్టు. అన్నానికి ముందు పొట్టు. “ప అను. కాదు, మళ్ళీ. ప!” ముద్ద చేతిలో పట్టుకుని, “సంగటి అను, అంటేనే పెడ్తా” అనేది జ్యోతి. పిల్ల గొంతు మీద వేలు పెట్టి నొక్కేది. తన గొంతు మీద పిల్ల వేళ్ళు పట్టుకుని లాగి పెట్టేది. చెవిలో ఎముక రోజుకింత పెరుగుతోందని ఆమెకు నిద్రలోనూ అనిపించేది. దానికంటే ముందు పరిగెత్తాలి. చైత్ర మొదట్లో ఏడ్చింది. తర్వాత పొట్టు చేట కనబడగానే మేకల కొట్టంలోకి పోయి దాక్కోవడం నేర్చుకుంది.

ఒకరోజు అంగన్‌వాడీలో చైత్ర ఏదో అడిగింది. కొత్తగా చేరిన పిల్లలు ఆమె గొంతు విని పకపకా నవ్వారు. చైత్రకు నవ్వు వినపడలేదు, కానీ కనపడింది. ఇంటికొచ్చాక జ్యోతి పొట్టు తీసుకుని ఎదురుగా కూర్చుంది. “ప అను.”

చైత్ర పెదాలు బిగించింది.

“అనే. ఒక్కసారి అను. ప!”

పిల్ల తల అడ్డంగా ఊపింది. జ్యోతి చెంప మీద కొట్టింది. పొట్టు చిందరవందరగా ఎగిరిపోయింది. చైత్ర ఏడ్చింది, కానీ నోరు తెరవకుండా ఏడ్చింది. ఐదేళ్ళ పిల్ల శబ్దం బయటికి రానివ్వకుండా, రొమ్ము ఎగసిపడుతూ, కళ్ళ నీళ్ళతో తల్లిని చూసింది. ఆ రోజు నుంచి చైత్ర ఒక్క మాట మాట్లాడలేదు. ‘అమ్మ’ అని కూడా అనలేదు. కావలసింది వేలితో చూపించేది, లేకుంటే మానేసేది.

రెబెకా ఇంటికొచ్చేసరికి జ్యోతి వంట చెయ్యకుండా గోడకు జారగిలబడి ఉంది.

“నేనే నోరు మూయించినానక్కా” అంది. “జ్వరం చెవులు తీసకపోయింది. నోరు మాత్రం నేను తీసినాను.”

రెబెకా ఓదార్చలేదు. ఆమెకూ కోపంగానే ఉంది. “నీ మొగం ఎట్లుండాదో ఎప్పుడన్నా చూసుకున్నావా? ఆ బిడ్డకు ఇప్పుడు వినపడేదంతా నీ మొగమేనే. పొద్దుగూకులూ అది అరస్తానే ఉండాది. ఎవురు పలుకుతారు?”

“ఆపరేషన్ లోపల అన్నీ మరిచిపోతే?”

“పోతే పోనీ. మళ్ళీ నేర్పిద్దాం. నీ మీద బిడ్డకు నమ్మకం పోతే దాన్ని యాడి నుంచి తెస్తావు?”

రెబెకా చేట తీసి పొట్టంతా పెరట్లో పారబోసింది. “ఇంక అడగొద్దు. ఏమీ అనమని అడగొద్దు. ఊరికే ఆడు.”

ఊరికే ఆడడం ఎంత కష్టమో జ్యోతికి అప్పుడు తెలిసింది. పిల్ల వీపు మీద వేలితో అక్షరం గీసి ఊరుకునేది. పిల్ల ఏ అక్షరమో మట్టిలో గీసి చూపేది. మాట ఉండదు. ప్రతిసారీ ‘అను’ అన్న మాట జ్యోతి నాలుక చివరికి వచ్చేది. మింగేది. మింగి, పెరట్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది.

మళ్ళీ పిలుపు వచ్చేసరికి పంటకాలం అయిపోయింది. ఆపరేషన్ పొద్దున మొదలై మధ్యాహ్నం దాటింది. పెద్ద డాక్టరు బయటికి వచ్చి టోపీ తీశాడు. నరేంద్ర లేచి నిలబడ్డాడు.

“ఒక చెవిలో దారి మొత్తం పూడిపోయింది. రెండో దాంట్లో తీగ సగం దాకా పోయింది. అంతకంటే పోలేదు.”

“సగమంటే సగం వినపడుతుందా సార్?” అని అడిగాడు నరేంద్ర.

“అట్లా చెప్పలేం. కొందరికి మాటలు తెలుస్తాయి. కొందరికి శబ్దం మాత్రమే తెలుస్తుంది. మిషన్ పెట్టాక నెలల తరబడి పని ఉంటుంది. ఆశ పెట్టుకోండి, కానీ ఎక్కువ పెట్టుకోకండి.”

నరేంద్ర పోయి గోడకు తల ఆనించుకున్నాడు. మొదటిసారి పిలిచినప్పుడే జరిగి ఉంటే తీగ ఎంత దూరం పోయేదో ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

కుట్లు మానాక మిషన్ పెట్టిన రోజు, బొమ్మలున్న చిన్న గదిలో ఒకమ్మాయి డప్పు కొట్టింది, గంట ఊపింది. చైత్ర బొమ్మ లారీ తోసుకుంటూ ఉంది. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో ఏదో కొంచెం పెంచింది. మళ్ళీ పెంచింది. ఉన్నట్టుండి చైత్ర రెండు చేతులతో తల పట్టుకుని, మిషన్ పీకి విసిరేసి, జ్యోతి కొంగులో మొహం దాచుకుంది.

“భయపడింది. మంచిదే, ఏదో తెలిసింది” అంది ఆ అమ్మాయి. జ్యోతికి అందులో మంచి ఏదో కనబడలేదు.

ఇంటికొచ్చాక చైత్ర మిషన్ పెడితే తీసేస్తుంది. కాసేపు ఉంచుకున్న రోజుల్లోనూ దేనికీ తిరగదు. గిన్నె కింద పడినా, మేక అరిచినా అంతే. రోజులు గడిచాయి. నరేంద్ర బెంగళూరు పోయాడు. తిప్పమ్మ, ‘నేను అప్పుడే చెప్పలేదా’ అనలేదు. అనకపోవడమే జ్యోతికి ఎక్కువ బాధగా ఉంది. మనుమరాలి తల వెనక గొరిగిన చోట వెంట్రుకలు మొలుస్తుంటే, అక్కడ ముసలిది రోజూ ఆముదం రాసేది.

ఒక సాయంత్రం వాకిట్లో చైత్ర వీధి వైపు తిరిగి కూర్చుని రాళ్ళతో ఏదో కడుతోంది. చెవికి మిషన్ ఉంది. తిప్పమ్మ ఆమె వెనక అరుగు మీద కూర్చుని, నడుముకు దోపుకున్న డబ్బీ తీసి, నశ్యం చిటికెడు ముక్కులోకి ఎక్కించింది. ఇల్లదిరేట్టు తుమ్మింది.

చైత్ర భుజాలు ఎగిరాయి.

జ్యోతి గుమ్మంలో అట్లాగే ఆగిపోయింది. చైత్ర మేక వైపు చూసింది, వీధిలోకి చూసింది. మళ్ళీ రాళ్ళ మీదికి వంగింది. తిప్పమ్మ ఇదేమీ గమనించలేదు. రెండో తుమ్ము వచ్చింది, మొదటిదాని కంటే పెద్దది. ఈసారి చైత్ర గిరుక్కున వెనక్కి తిరిగింది. అవ్వ ఎర్రటి ముక్కును, నీళ్ళు కారుతున్న కళ్ళను కాసేపు చూసింది. తర్వాత లేచి వచ్చి, డబ్బీని వేలితో తట్టింది. మళ్ళీ చెయ్యమన్నట్టు.

“ఏంమ్మే ఇది?” అంది తిప్పమ్మ కోడలితో, అయోమయంగా.

“గమ్మున తుమ్ము అత్తా” అంది జ్యోతి. “అడుగుతాంది. తుమ్ము.”

ముసలిది ఇంకో చిటికెడు ఎక్కించింది. చైత్ర అవ్వ మొహానికి వీపు తిప్పి, కళ్ళు మూసుకుని, భుజాలు బిగించుకుని నిలబడింది. తుమ్ము పడగానే గంతు వేసి తిరిగింది. ఆట ఏమిటో, దాని నియమం ఏమిటో అంతా తనే పెట్టింది. జ్యోతి పోయి అత్త పక్కన కూర్చుని తనూ చిటికెడు తీసుకుంది. జన్మలో ఎప్పుడూ అలవాటు లేదు, ముక్కు నుంచి నెత్తి దాకా మంట ఎక్కింది. ఆమె తుమ్మితే పిల్ల నవ్వింది. నోరు తెరిచి, గొంతుతో నవ్వింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో!

పొద్దు వాలాక ఉండబట్టలేక జ్యోతి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పిల్ల వెనక నిలబడి “చైత్రా” అని పిలిచింది. పిల్ల తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలుద్దామని నోరు తెరిచి, మూసుకుంది. ఆ తీగ సగం దాకా పోయిన చోట మాట ఎప్పటికైనా పడుతుందో లేదో డాక్టరే చెప్పలేదు, తనకేం తెలుస్తుంది. పోయి పిల్ల ముందు కూర్చుని చేతులు చాపింది. చైత్ర ఒళ్ళోకి వచ్చి, అమ్మ ముక్కు వైపు ఆశగా చూసింది.

తిప్పమ్మ అరుగు మీద నుంచి డబ్బీ బోర్లించి అరచేతిలో తట్టి చూసుకుంది.

“అంతా అయిపాయ” అంది. “రేపు ఇంగొకటి తెప్పియ్యి. ఇట్లయితే ఈ బిడ్డకు చాలదు.”